కాశమ్మ కుమ్మరించిన అన్నం

మా యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ఒక్క మెతుకు కింద పడినా కాశమ్మకు కనబడేది. వెనక పొయ్యి దగ్గర పొగలో ఉన్నా సరే, హాల్లో ఎవడైనా కంచంలో అన్నం వదిలేసి లేచాడంటే చాలు, గంటె పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడేది. "ఏంది బిడ్డా, గది ఎవలు తింటరు? మీ అయ్య వచ్చి తింటడా?" అనేది. వాడు పీహెచ్‌డీ చేస్తున్న గడ్డాల పెద్దమనిషైనా సరే, మళ్లీ కూర్చుని తినాల్సిందే. నేను ఆ మెస్సులో గుమాస్తాని. పేరు పార్థసారథి. సరుకు తెప్పించడం నా పని, నన్ను సాధించడం కాశమ్మ పని. నేను 'ఉల్లిపాయలు వచ్చాయి' అంటే, 'ఉల్లిగడ్డలు అనరాదా సారూ, నీ నోరు పోతదా' అనేది. మాది గోదావరి వైపు. పాతికేళ్లు ఇక్కడే ఉన్నా, ఆవిడకు నేను ఆంధ్ర సారునే. నాకు మాత్రం ఆవిడంటే పైకి చిరాకు, లోపల కాస్త భయం.

ఆ మెతుకుల పిచ్చి ఎక్కడిదో ఒకసారి బియ్యంలో రాళ్లు ఏరుతూ తనే చెప్పింది. జనగామ పక్కన పల్లె వాళ్లది. కరువు ఎరిగిన ఇల్లు. మొగుడు మల్లన్నకు ఒక పొద్దున కడుపునొప్పి వచ్చింది. మంచం మీద వేసుకుని నలుగురు పెద్దరోడ్డు దాకా మోశారు. బస్సు వచ్చింది, మంచం ఎక్కనివ్వలేదు. జీపు ఆగింది, చూసి వెళ్లిపోయింది. లారీలైతే ఆగనే లేదు. మధ్యాహ్నానికి మల్లన్న ఆ రోడ్డు పక్కనే పోయాడు. "దవాఖాన అక్కడికి ఎంత దూరమనుకున్నవ్ సారూ! గుట్ట దిగితె కనవడుతది. గా రోడ్డు మీద ఎంతమంది పోయిండ్రో. ఒక్కడు దిగలే," అంది. కళ్లలో చుక్క నీరు లేదు. రాయి ఏరి పక్కన పడేసింది.

అప్పుడు చంకలో ఉన్న పిల్లే వాసంతి. ఆ పిల్లను ఎత్తుకుని పట్నం వచ్చి, మా మెస్సులో బియ్యం చెరగడానికి చేరి, చివరికి వంటకు పెద్దదయింది. మెస్సు వెనక చిన్న గదిలోనే పిల్లను పెంచింది. తార్నాకలో చదివించింది. భువనగిరిలో ఆటో నడిపే నాగేష్‌కు ఇచ్చి చేసింది. ఆ ఏడు వాసంతి తొలి కాన్పుకు తల్లి దగ్గరికి వచ్చింది. కాశమ్మ నోటికి మొదటిసారి కాస్త తీపి పట్టింది. నాతో కూడా నవ్వుతూ మాట్లాడేది. నాకదే వింతగా ఉండేది.

రెండు వేల పదకొండు అది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిమధ్యలో ఉన్నాం. హాస్టళ్లు మూసేశామని కాగితం అంటించారు. పిల్లలు కదల్లేదు. మెస్సు బందు అన్నారు. కాశమ్మ వెనక కట్టెల పొయ్యి పెట్టింది. "మీ కాయితం మీరు చూసుకోండ్రి, నా బిడ్డల కడుపు నేను చూసుకుంట," అంది. ఎవడో కొత్త కుర్రాడు నా యాస విని గొంతు లేపితే, ఆవిడే అడ్డం వచ్చింది. "మా సారు జోలికి రాకు. గీ సారు లేకుంటె నీకు పప్పు గింజ దొరకది," అంది. ఆ రోజుల్లో నేను నోరు విప్పడానికి జంకేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆవిడ నోటి చాటునే బతికాను.

గేట్ల దగ్గర రోజూ రాళ్లు, లాఠీలు, బాష్పవాయువు. గ్యాసు పడితే ఏం చేయాలో అప్పటికి క్యాంపస్‌లో కుక్కపిల్లకు కూడా తెలుసు. తడిగుడ్డ, ఉల్లిగడ్డ. పిల్లలు కళ్లు మూసుకుని దగ్గుకుంటూ మెస్సుకు పరుగెత్తుకు వచ్చేవాళ్లు. కాశమ్మ ఉల్లిగడ్డను మధ్యకు నరికి తలా ఒక ముక్క చేతిలో పెట్టేది. "పీల్చు బిడ్డా, పీల్చు. అయిపాయె, తగ్గిపాయె." నిజంగానే తగ్గేది. గాలికి తగ్గేదో, ఉల్లికి తగ్గేదో ఎవడికి తెలుసు? తగ్గేది కాబట్టి అందరం నమ్మాం. నేను కూడా ఒక ముక్క జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి.

ఒక సాయంత్రం గ్యాసు గుండు మెస్సు గోడ పక్కనే పడింది. గదంతా పొగ. వాసంతిని బయటికి తెచ్చి నీడన కూర్చోబెట్టి కళ్లు కడిగాం. అందరమూ దగ్గాం, అందరమూ కక్కుకున్నాం. చీకటి పడేసరికి మా కళ్లు తేటపడ్డాయి. వాసంతికి తేటపడలేదు. నెలలు నిండిన పిల్ల కదా, దానికి ఎక్కువ పట్టిందిలే అనుకున్నాం. కాళ్లు అప్పటికే పొంగి ఉన్నాయి. నిండు చూలాలికి కాళ్లు పొంగవా అంది కాశమ్మ. ఆ నెల బీపీ చూపించుకోవాల్సింది. బంద్‌ల మీద బంద్‌లు వచ్చి అదీ పడలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి తల్లీకూతుళ్లు గడప దగ్గర ఉన్నారు.

"అమ్మా, తలకాయ పగిలిపోతున్నదే," అంటోంది వాసంతి.

"నాకు పగుల్తలేదా? గ్యాసు బిడ్డా. గీ ఉల్లిగడ్డ ముక్కుకాడ పెట్టుకో."

"కండ్లు మసకమసక ఉన్నయి."

"అందరికీ గంతే. పొద్దెక్కినాక పోతది."

"అమ్మా, నువ్వు ఇద్దరు కనవడుతున్నవ్."

కాశమ్మ పకపకా నవ్వింది. "ఒక్కదానితోనే యేగుతలేవు, ఇద్దరితోని ఏం యేగుతవే?" అంది. వాసంతి కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

ఆ రోజు తార్నాక చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. బండి కదలదు, బస్సు కదలదు, సర్కారుకు తెలియాలి. పెద్ద వంట కాశమ్మదే. రెండు గుండిగలు, బియ్యం, కట్టెలు తోపుడుబండి మీద వేసుకుని పిల్లలతో బయల్దేరింది. మూడడుగులు వేసి వెనక్కి వచ్చి, కూతురి నుదురు పట్టి చూసి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చింది. "సారూ, జెర పిల్లను చూస్తుండు. అన్నం దించంగనే ఉరికొస్తా," అంది. వెళ్లిపోయింది. గుండిగ చెవుల్లో దూర్చి ఎత్తే పొడుగు కర్రలు గోడకు ఆనించి అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లలో అవి మరిచిపోవడం అదే మొదలు. నేను చూడలేదు. చూసినా పట్టుకు వెళ్లేవాణ్ణి కాదేమో, పిల్లను వదిలి.

వాసంతి చాప మీద పడుకుంది. ఉల్లిముక్క గుప్పిట్లో ఉంది. నేను బియ్యం బస్తా మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. ఒక్కసారి మడమలు నేలకు కొట్టుకుంటున్న చప్పుడయింది. చూస్తే పిల్ల విల్లులా వంగిపోయింది. కళ్లు పైకి తేలాయి. నోట్లో నురగ. ఒళ్లంతా కొట్టుకుంటోంది.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. మూర్ఛ వస్తే చేతికి ఇనుము పట్టిస్తారు కదా అని స్టోరు తాళాల గుత్తి ఆ పిల్ల రెండో గుప్పిట్లో దోపాను. పట్టు నిలవలేదు. ఆటో తెద్దామంటే రోడ్ల మీద పురుగు లేదు. అప్పుడు తట్టింది, 108. ఫోను తీసి కొట్టాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. గొంతులో తొట్రుపాటు లేదు. ఎక్కడ, ఎవరు, ఎన్నో నెల అని అడిగింది. "ఎడమ పక్కకు తిప్పండి సార్. నోట్లో ఏమీ పెట్టకండి. బండి బయల్దేరింది, మీరు ఫోను పెట్టకండి," అంది. తిట్టలేదు, విసుక్కోలేదు. 'ఉద్యమం జరుగుతుంటే అక్కడికి రాలేం' అంటుందని నేను గుండె చిక్కబట్టుకుని ఉన్నాను. ఆ మాటే రాలేదు.

బండి విద్యానగర్ వైపు నుంచి వచ్చింది. ముఖానికి తడి రుమాలు కట్టుకుని ఒక చిన్న అమ్మాయి సంచీతో దిగింది. చొక్కా మీద సుప్రజ అని పేరు. ఎలా వచ్చావమ్మా అంటే, "గేటు దగ్గర రాళ్లు పడుతున్నాయండీ. మమ్మల్ని చూసి రెండు పక్కలా ఆపారు," అంది. మా వైపు యాస. వాసంతి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ముఖం మారిపోయింది.

"ఎప్పటి నుంచీ తలనొప్పి?"

"నిన్నటి నుంచమ్మా. గ్యాసు పట్టింది."

"గ్యాసు కాదండీ ఇది. గుర్రపువాతం. బీపీ విపరీతంగా పెరిగింది. తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే."

ఎవరో డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఇంజెక్షన్ ఇచ్చింది. నేనూ, డ్రైవరూ, ఇద్దరు విద్యార్థులూ కలిసి స్ట్రెచర్ ఎక్కించాం. గాంధీ ఆసుపత్రికి పోవాలి. వచ్చిన దారి అప్పటికే మూసుకుపోయింది. గేటు దగ్గర పొగ, కేకలు. డ్రైవరు బండి తార్నాక వైపు తిప్పాడు. అక్కడ వంటావార్పు అని నాకు తెలుసు. ఇంకో దారి లేదని అతనికి తెలుసు.

బండిలోనే రెండోసారి మూర్ఛ వచ్చింది. సుప్రజ మోకాళ్ల మీద కూర్చుని పిల్లను పక్కకు పట్టుకుంది. నేను ఆ పాదాలు పట్టుకున్నాను. అవి కాశమ్మ రోజూ ఆముదం రాసే పాదాలు. స్వామీ, ఆ రోడ్డు పక్క మల్లన్నను తీసుకున్నావు, అది చాలదా అని గట్టిగానే అన్నాను. నాకు దేవుడి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తార్నాక చౌరస్తా నిండా జనం. డప్పులు, పాటలు, జెండాలు. సైరన్ వినగానే జనం చీలారు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను, ఎవరూ చెప్పకుండానే చీలారు. పిల్లలు చేతులు పట్టుకుని గొలుసు కట్టి దారి చేశారు. కానీ దారి చివర పొయ్యిలు. రెండు పక్కలా ఆగిపోయిన బస్సులు, మధ్యలో రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిల మీద రెండు గుండిగలు. అన్నం కుతకుత ఉడుకుతోంది. వాటి ముందు చెంగు దోపుకుని, చేతిలో గంటెతో కాశమ్మ.

డ్రైవరు వెనకనున్న అద్దంలోంచి నాకంతా కనబడుతోంది, వినబడుతోంది. బండిలో ఎవరున్నారో ఆవిడకు తెలియదు.

"దించుండ్రి! గుండిగలు దించుండ్రి!" అని అరిచింది. కుర్రాళ్లు దూకారు. "కర్రలేవి కాశమ్మా?" ఆవిడ అటూ ఇటూ చూసింది. తోపుడుబండి కింద చూసింది. నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా మొగం మండ! మెస్సుల మరిసొచ్చిన!"

కాలుతున్న ఆ ఇత్తడిని ఒట్టి చేతులతో ఎవరు ఎత్తుతారు? ఎవడో అన్నాడు, "అన్నం అయిపోవచ్చింది, జెర ఆగమను." ఇంకొకడు అన్నాడు, "ఎవలున్నరో లోపల? పోలీసోళ్ల మనిషేమో చూడుండ్రి ముందుగాల."

"ఎవలైతేందిరా!" అంది కాశమ్మ. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. "ఎవలో ఒగల బిడ్డనే కద! రోడ్డు మీద సంపుతరా?"

గంటె పారేసింది. చెంగు లాగి రెండు చేతులకు చుట్టుకుంది. గుండిగ అంచు పట్టుకుని ఒక్క తోపు తోసింది. ఒక్క మెతుకు వదిలితే పీహెచ్‌డీ వాణ్ణి కూర్చోబెట్టి తినిపించిన మనిషి, వందమంది అన్నం నడిరోడ్డు మీద కుమ్మరించేసింది. కాగే గంజి ఆవిడ పాదాల మీదుగానే పారింది. ఆవిడ కదల్లేదు, రెండో గుండిగ పట్టుకుంది. అప్పుడు పిల్లలు వచ్చి పడ్డారు, చొక్కాలు విప్పి చేతులకు చుట్టుకుని. రాళ్లు కాళ్లతో తన్నేశారు. బండి ఆ అన్నం మీదుగా కదిలింది. "పోనియ్యి, పోనియ్యి!" అని ఆవిడ బండి పక్క రేకు మీద చేత్తో కొడుతోంది.

నేను పక్క అద్దం జరిపాను. నోరు విప్పితే యాస బయటపడుతుందన్న భయం అప్పుడు ఏమైందో! "కాశమ్మా! వాసంతే! లోపల మన వాసంతి!"

ఆవిడ నన్ను చూసింది. అర్థం కానట్టు చూసింది. డ్రైవరు బండి ఆపితే, తలుపు తీసి చేయి పట్టి లోపలికి లాగాను. కాళ్లకు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

కూతుర్ని చూసింది. ఏడవలేదు. గుప్పిట్లో ఇంకా ఉన్న ఉల్లిముక్కను చూసింది. "గ్యాసే కద సారూ?" అంది. సుప్రజే మెల్లగా చెప్పింది. విన్నాక కాశమ్మ ఒకటే అడిగింది. "ఒట్టి చేతులతోని ఉన్న బిడ్డా. నన్ను దవాఖాన లోపటికి రానిస్తరా?"

"మిమ్మల్ని ఎవరూ ఆపరమ్మా. నేనున్నానుగా," అంది సుప్రజ.

ఎవరూ ఆపలేదు. మెట్టుగూడ, చిలకలగూడ దాటి బండి ఆగకముందే ఆసుపత్రి తలుపు దగ్గర మనుషులున్నారు. సుప్రజ దారిలోనే ఫోన్ చేసింది. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఏం తెచ్చారు అని ఒక్కరూ అడగలేదు. పిల్లను తోసుకుంటూ వెళ్లిపోయారు. నెత్తురు కావాలంటే అక్కడి నెత్తురే ఎక్కించారు. కాశమ్మ ఆ తలుపు ఎదురుగా గోడకు ఆని నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు. నీళ్లు తాగదు. ఎవరు తలుపు తీసినా చేతులు జోడిస్తుంది, ఊడ్చే మనిషైనా సరే.

ఒక నర్సు ఆవిడ పాదాలు చూసింది. తోలు లేచి, మెతుకులు అతుక్కుని ఉన్నాయి. బలవంతాన కూర్చోబెట్టి కడిగి, మందు రాసి కట్టు కట్టింది.

"నాకెందుకు చేస్తున్నవ్ బిడ్డా? నేను నా బిడ్డకోసమొచ్చిన. నాకు చెయ్యమని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలమ్మా? కాలు కాలింది కదా," అంది నర్సు.

కాశమ్మ ఆ అమ్మాయి ముఖం వంక చాలాసేపు చూసింది. మల్లన్న పోయిన రోడ్డు మీద అటువంటి ముఖం ఒక్కటైనా ఆగి ఉంటే అనుకుందో ఏమో. నేను మాత్రం అదే అనుకున్నాను.

పొద్దు వాలేసరికి డాక్టరమ్మ వచ్చింది. మగపిల్లాడు. దక్కలేదు. తల్లికి స్పృహ లేదు, రెండు రోజులు చూడాలి అంది. కాశమ్మ వింది. అడిగింది, "అమ్మా, నిన్ననే తెచ్చుంటే?"

డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. భుజం మీద చేయి వేసి, అలాగే ఉంచింది. ఆ జవాబు చాలు, ఎవరికైనా.

భువనగిరి నుంచి నాగేష్ నడుస్తూ, బండ్లు పట్టుకుంటూ వచ్చి పడ్డాడు. పసివాణ్ణి వాడి చేతుల్లో పెట్టారు. వాడు అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అనకపోవడం ఆవిడ భరించలేకపోయింది. గోడకు తల కొట్టుకుంటుంటే నేనే పట్టుకున్నాను. "నేనే చేసిన సారూ. ఉల్లిగడ్డ పెట్టి నవ్విన. ఇద్దరు కనవడుతున్నవంటె నవ్విన," అంటూనే ఉంది. ఏం చెప్పను? నేనూ నవ్వినవాణ్ణే.

రెండు రోజులు కాదు, అంతకంటే ఎక్కువే పట్టింది. వాసంతి కళ్లు తెరిచింది గానీ చూపు లేదు. చీకటిగా ఉందమ్మా, దీపం పెట్టు అంటుంది పట్టపగలు. చూపు వస్తుందని డాక్టరమ్మ చెప్పినా కాశమ్మ నమ్మలేదు. మంచం పక్క నేల మీద కూర్చుని రోజూ కూతురి ముఖానికి ఎదురుగా ముఖం పెట్టేది. ఒక పొద్దున వాసంతి చేయి చాపి తల్లి ముక్కు పట్టుకుంది.

"అమ్మా. ఒక్కదానివే కనవడుతున్నవే."

కాశమ్మ లేచి బయటికి వచ్చింది. కట్టు కట్టిన కాళ్లతో కుంటుకుంటూ 108 బండ్లు ఆగే చోటికి వెళ్లి, ఒక్కొక్క బండిలో తల పెట్టి చూసింది. సుప్రజ దొరికేదాకా ఆ ఎండలోనే ఉంది. దొరికాక ఆ పిల్ల చేతులు రెండూ తీసుకుని కళ్లకు అద్దుకుంది. "ఒకల్ని దేవుడు గుంజుకపోయిండు బిడ్డా. ఇంకొకల్ని నువ్వు పోనియ్యలే," అంది. సుప్రజ కళ్లు తుడుచుకుంటూ, "ఆ రోజు గుండిగ తోసింది నేను కాదమ్మా, మీరు," అంది. ఇంతలో ఫోను మోగింది. బండి ఎక్కి వెళ్లిపోయింది.

ఉద్యమం ఆగలేదు. వానలు పడ్డాక మళ్లీ ఒకరోజు గేటు దగ్గర గ్యాసు పడింది. పిల్లలు కళ్లు నలుపుకుంటూ మెస్సుకు పరుగెత్తుకు వచ్చారు. "కాశమ్మా, ఉల్లిగడ్డ!"

"ఉల్లిగడ్డ లేదు, గిల్లిగడ్డ లేదు. నీళ్లతోని కడుక్కో," అంది. ఒక్కొక్కడినీ వరసగా వెలుతురులోకి లాగి, గడ్డం పట్టి ముఖం ఎత్తింది. "సూడు నన్ను. ఎంతమందిని కనవడుతున్న?"

"ఒక్కదానివే కాశమ్మా," అంటున్నారు పిల్లలు. అన్నవాణ్ణి వదిలేస్తోంది. కొత్తగా చేరిన ఒక కుర్రాడికి ఇదంతా తెలియదు. దగ్గుతూనే ఇకిలించాడు. "ఇద్దరు కనవడుతున్నవ్ కాశమ్మా. ఒక్కరే చాలు తల్లీ మాకు."

కాశమ్మ వాడి చేయి పట్టుకుంది. "సారూ, 108కు ఫోన్ కొట్టు," అంది.

"కాశమ్మా, నవ్వులాటకన్నడు, వానికి ఏమైంది..." అని ఎవరో అన్నారు.

"ఫోన్ కొట్టు సారూ!"

నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. కుర్రాడు హడలిపోయాడు. "లేదు, లేదు, ఒక్కదానివే. ఒట్టు. ఒక్కదానివే కనవడుతున్నవమ్మా!" అన్నాడు.

కాశమ్మ వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడి కళ్లలోకి అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. తర్వాత వాడి భుజం మీద తల పెట్టి, అన్నాళ్లలో మొదటిసారి, బావురుమని ఏడ్చింది. నేను ఫోను జేబులో పెట్టుకుని, పొయ్యి మీద అన్నం మాడకుండా మంట తగ్గించాను.